డైర్ స్ట్రెయిట్స్ పేరును ఆపేసే హక్కు మార్క్ నాఫ్లర్ ఒక్కడిదేనా?

ఆరో తీగ (విజయవాడ)

మా బ్యాండ్‌లో నడుస్తున్న ఒక తగువు మీద నలుగురి మాట వినాలని ఈ చర్చ పెడుతున్నాను. మాలో పాడేదీ, లీడ్ గిటార్ వాయించేదీ ఒకడే. బ్యాండ్ పెట్టిందీ వాడే. కాలేజీ ఫెస్టులతో మొదలై ఇప్పుడు రిసెప్షన్లు, దసరా ప్రోగ్రాములు, అప్పుడప్పుడూ సొంత పాటల షోలు చేస్తున్నాం. వాడికి ఇక పెద్ద స్టేజీలు వద్దట. ఒక్కడే కూర్చుని తన పాటలు తను చేసుకుంటాడట. దానికి మాలో ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ "నేను లేకపోతే ఆ పేరూ ఉండకూడదు" అంటున్నాడు. చిక్కంతా అక్కడే. ఎందుకురా అంటే మార్క్ నాఫ్లర్‌ని చూపిస్తున్నాడు.

తెలియనివాళ్లకు కొంచెం చెప్తాను. నాఫ్లర్ 1949లో గ్లాస్గోలో పుట్టాడు, ఇంగ్లండ్ ఈశాన్యంలో న్యూకాసిల్ దగ్గర పెరిగాడు. 1977లో లండన్‌లో తమ్ముడు డేవిడ్, బేస్ వాయించే జాన్ ఇల్స్‌లీ, డ్రమ్మర్ పిక్ విథర్స్‌లతో కలిసి డైర్ స్ట్రెయిట్స్ అనే రాక్ బ్యాండ్ మొదలుపెట్టాడు. 1978లో మొదటి ఆల్బమ్ వచ్చింది. 1985లో వచ్చిన 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' మూడు కోట్ల కాపీలు దాటింది. పది లక్షలకు పైగా అమ్ముడుపోయిన మొదటి సీడీ అదే. అంత వెలుగులో ఉండగా 1988లో బ్యాండ్‌ని ఆపేశాడు. 1991లో మళ్లీ బ్యాండ్‌ని కలిపి ఇంకో ఆల్బమ్, ఇంకో ప్రపంచ యాత్ర చేసి, 1995లో పూర్తిగా మూసేశాడు. ఆ తర్వాత ఎవరెంత అడిగినా ఆ పేరుతో స్టేజీ ఎక్కలేదు.

నా దృష్టిలో ఇది న్యాయం కాదు. విసుగొస్తే తను తప్పుకోవాలి. ఇల్స్‌లీ మొదటి రోజు నుంచి చివరి కచేరీ దాకా పక్కనే నిలబడ్డాడు. మళ్లీ కలిసి వాయించాలని ఉందని 2008లో బయటకే చెప్పాడు. నాఫ్లర్ వద్దన్నాడు. అంతటితో అయిపోయింది. పదిహేనేళ్లు చెమటోడ్చినవాడి కోరికకు విలువే లేదా?

కృష్ణలంక లీడ్ (విజయవాడ)

అన్నా, మీ బాధ అర్థమైంది కానీ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. డైర్ స్ట్రెయిట్స్‌లో దాదాపు ప్రతి పాటా రాసింది నాఫ్లర్. పాడింది అతనే, లీడ్ వాయించింది అతనే, మధ్యకాలం నుంచి ప్రొడక్షన్‌లోనూ అతని చెయ్యే. ఎడమచేతి వాటం మనిషి, గిటార్ మాత్రం కుడివైపు పట్టుకుంటాడు. తీగ మీటే ముక్క (పిక్) లేకుండా బొటనవేలు, మొదటి రెండు వేళ్లతో తీగ లాగుతాడు. ఆ వేళ్ల చప్పుడే ఆ బ్యాండ్. పక్కవాళ్లు గొప్పవాళ్లు కాదని అనను. కానీ నాఫ్లర్ లేని డైర్ స్ట్రెయిట్స్ అని పోస్టర్ వేస్తే మీరు టికెట్ కొంటారా? వంటమాస్టారు మానేశాక బోర్డు అలాగే ఉంచిన హోటల్‌కి జనం ఒకసారి వస్తారు, రెండోసారి రారు.

పాత క్యాసెట్లు (గుంటూరు)

నేను మీ అందరికంటే వయసులో పెద్దవాణ్ని అయ్యుంటాను. ఖాళీ క్యాసెట్ పట్టుకెళ్లి కావలసిన పాటలు రికార్డు చేయించుకునే కాలంలో బ్రాడీపేటలో ఈ బ్యాండ్ నా చెవిన పడింది. 'టెలిగ్రాఫ్ రోడ్' పద్నాలుగు నిమిషాల పాట. షాపతను దాన్ని సైడ్ చివర్లో పెట్టేవాడు, సరిగ్గా గిటార్ పరుగెత్తే చోట టేపు అయిపోయేది. ఆ పాట చివర ఎలా ఉంటుందో సీడీలు వచ్చాకే విన్నాను.

ఎందుకు ఆపాడో ఆ యాత్రల లెక్క చూస్తే తెలుస్తుంది. 1985 ఏప్రిల్‌లో యుగోస్లావియాలోని స్ప్లిట్‌లో మొదలుపెట్టి, మరుసటి ఏప్రిల్‌లో సిడ్నీలో ముగించేసరికి 250కి దగ్గరగా కచేరీలు. రెండోసారి 1991 ఆగస్టులో డబ్లిన్ నుంచి 1992 అక్టోబరు 9న స్పెయిన్‌లోని సరగోసా దాకా, ఇంచుమించు పద్నాలుగు నెలలు. రోజూ అవే పాటలు, స్టేడియాలు, లారీల కొద్దీ సామాను. ఆ బండి తోలడానికి ఇష్టం లేక దిగాడు. గిటార్ మీద విసుగు పుట్టి కాదు. అప్పటికే పక్కన చిన్న చిన్న పనులు చేసుకుంటూనే ఉన్నాడు. 1983లో 'లోకల్ హీరో' సినిమాకి సంగీతం, అదే ఏడు బాబ్ డిలన్ ఆల్బమ్‌కి ప్రొడక్షన్, 1990లో నాటింగ్ హిల్‌బిల్లీస్ అని మిత్రులతో ఒక ఆల్బమ్, గిటారిస్టు చెట్ ఆట్కిన్స్‌తో ఇంకొకటి. స్టేడియంలో నిలబడ్డ రోజుల్లోనే అతని మనసు చిన్న గదుల వైపు ఉంది.

2005లో నాఫ్లర్ బెంగళూరు వచ్చినప్పుడు వెళ్లి చూశాను. టికెట్ మీద ఉన్నది మార్క్ నాఫ్లర్ అన్న పేరే. 'సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్' మొదలవగానే చుట్టూ ఉన్న జనమంతా గొంతు కలిపారు. 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' వాయించినప్పుడు నా పక్కనున్న పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. డైర్ స్ట్రెయిట్స్ అన్న అక్షరాలు లేవని ఎవరూ వెలితిపడలేదు. పాటల్ని జనం నుంచి లాక్కోలేదు కదా ఆయన!

బీసెంట్ రోడ్ (విజయవాడ)

తమ్ముడి సంగతి ఎవరూ ఎత్తరేం? డేవిడ్ 1980లో మూడో ఆల్బమ్ రికార్డింగ్ మధ్యలోనే బయటికి వెళ్లిపోయాడు. ఆల్బమ్ అతను లేకుండానే పూర్తయింది. 2018లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు క్లీవ్‌లాండ్‌లో ఈ బ్యాండ్‌ని సత్కరిస్తే అన్నదమ్ములిద్దరూ రాలేదు. వేదిక మీద బ్యాండ్‌ని పరిచయం చేసేవాళ్లు కూడా లేక ఇల్స్‌లీ తనే ఆ పని చేశాడు. ఎంత గొప్ప కళాకారుడైనా, ఆ ఒక్క రాత్రికి రాకపోవడం నాకు మింగుడు పడదు.

రాత్రి డెస్కు (విజయవాడ)

ఇక్కడ ఒక పత్రిక డెస్కులో పని చేస్తాను, కాబట్టి ఈ మనిషిని వేరే వైపు నుంచి చూడమని అడుగుతున్నాను. బ్యాండ్ పెట్టకముందు నాఫ్లర్ మా వృత్తివాడు.

స్కూలు రోజుల్లో న్యూకాసిల్‌లో సాయంకాలం పత్రిక ఆఫీసులో కాగితాలు అందించే కుర్రాడిగా చేశాడు. బేసిల్ బంటింగ్ అనే పెద్ద కవి అప్పుడు అదే ఆఫీసులో ఇష్టం లేని ఉద్యోగం చేస్తున్నాడు. అర్ధశతాబ్దం తర్వాత, 2015 ఆల్బమ్‌లో ఆయన మీద పాట కట్టాడు నాఫ్లర్. తర్వాత జర్నలిజం కోర్సు, లీడ్స్‌లో రిపోర్టర్ ఉద్యోగం. 1970 సెప్టెంబరులో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ చనిపోయిన వార్త రాయాల్సి వచ్చినవాళ్లలో అతనూ ఒకడు. ఆ పని వదిలి యూనివర్సిటీలో ఇంగ్లిష్ చదివి, కాలేజీలో పాఠాలు చెప్పాడు. మొదటి ఆల్బమ్ వచ్చేసరికి దాదాపు 29 ఏళ్లు. రాక్ సంగీతంలో అది ఆలస్యమే.

ఇప్పుడు పాటలు చూడండి. 'సుల్తాన్స్' ఎలా పుట్టింది? లండన్‌లోని డెప్ట్‌ఫర్డ్‌లో, వాన పడుతున్న రాత్రి, మనుషులే లేని పబ్బులో ఒక జాజ్ బృందం వాయిస్తుంటే కూర్చుని చూశాడు. 'మనీ ఫర్ నథింగ్' న్యూయార్క్‌లో ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మే దుకాణంలో పుట్టింది. అక్కడ సామాన్లు మోసే మనిషి టీవీలో పాటగాళ్లను చూస్తూ నోటికొచ్చినట్టు వ్యాఖ్యానం చేస్తుంటే, కాగితం, పెన్ను అడిగి తీసుకుని అక్కడికక్కడే రాసుకున్నాడు. 'టెలిగ్రాఫ్ రోడ్' అమెరికాలో డెట్రాయిట్ దగ్గర నిజంగా ఉన్న రోడ్డు. దాని మీద బస్సులో వెళ్తూ ఊరు ఎలా పుట్టి ఎలా పాడైందో ఊహించాడు. చెవులు రిక్కించి వినడం, పేర్లూ చోట్లూ గుర్తుపెట్టుకోవడం, ఎదుటి మనిషి గొంతులోంచి చెప్పడం: ఇవన్నీ రిపోర్టర్ గుణాలు.

బ్యాండ్ మూసేశాక ఆ గుణం పోయిందా? ఇంకా పదునెక్కింది. 2000లో వచ్చిన ఆల్బమ్‌కి పేరిచ్చిన పాటలో మేసన్, డిక్సన్ అనే పద్దెనిమిదో శతాబ్దపు ఇద్దరు సర్వేయర్లు ఓడ మీద మాట్లాడుకుంటారు. 2004లో మెక్‌డొనాల్డ్స్‌ని పెద్ద వ్యాపారం చేసిన రే క్రాక్ గొంతుతో ఒక పాట, బాక్సర్ సోనీ లిస్టన్ మీద ఇంకొకటి. డైర్ స్ట్రెయిట్స్ పేరుతో స్టూడియో ఆల్బమ్‌లు ఆరు. 1996 నుంచి 2024 దాకా సొంత పేరుతో పది. అందుకే నేను దీన్ని ఒకే ప్రయాణంగా చూస్తాను, అందులో బ్యాండ్ పదిహేనేళ్ల మజిలీ. మజిలీ పేరు పెట్టుకుని జీవితాంతం తిరగమనడం ఏం న్యాయం?

ఒక మాట మాత్రం దాచను. తర్వాతి ఆల్బమ్‌లలో వేగం బాగా తగ్గింది, గొంతు గొణుగుడుకి దిగింది. ఒకే మెతకదనంలో మూడు నాలుగు పాటలు వరసగా వస్తే ఎంత అభిమానికైనా ఓపిక కావాలి. ఎదురుగా కూర్చుని "ఇది వద్దు గురూ" అనే సమానుడు లేకపోవడమే దానికి కారణం అనిపిస్తుంది.

తాళం (తెనాలి)

రాత్రి డెస్కు గారూ, చివరి రెండు ముక్కల్లో అసలు విషయం మీరే చెప్పారు. నేను డ్రమ్స్ వాయిస్తాను, నా బాధ కూడా అదే.

'సుల్తాన్స్' మళ్లీ వినండి, ఈసారి గిటార్ వదిలేసి. పిక్ విథర్స్ ఎంత తేలిగ్గా వాయించాడో చూడండి. ఎక్కడా బాదడు. హై హ్యాట్ తాళాల మీద చిన్న చిన్న మాటలు, స్నేర్ డ్రమ్ మీద గిటార్ వాక్యం అయిపోయిన చోట ఒక విరుపు. ఆ పాట కూర్చోవడానికి నాఫ్లర్ వేళ్లు ఎంత కారణమో ఆ చేతులు అంతే కారణం. 1982లో ఆయన వెళ్లిపోయి టెర్రీ విలియమ్స్ వచ్చాక బ్యాండ్ నడకే మారింది, బరువెక్కింది. 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' మాంట్‌సెరాట్ దీవిలో రికార్డు చేసేటప్పుడు టెర్రీ వాయించింది సరిపోలేదని ఒమర్ హకీమ్ అనే ఇంకో డ్రమ్మర్‌ని పిలిపించి చాలా భాగం మళ్లీ వాయింపించారు. 'మనీ ఫర్ నథింగ్' మొదట్లో లేచి వచ్చే ఆ డ్రమ్స్ మాత్రం టెర్రీవే. జనానికి గూస్‌బంప్స్ వచ్చేది అక్కడే! అలన్ క్లార్క్ కీబోర్డు తీసేస్తే 'ప్రైవేట్ ఇన్వెస్టిగేషన్స్'లో ఏం మిగులుతుంది?

పాట రాసినవాడికి రాయల్టీ వస్తుంది. రావాలి కూడా. కానీ ధ్వని అందరిదీ. పేరు ఆ ధ్వనికి పెట్టింది.

మన దేశంలోనే చూడండి. ఇండియన్ ఓషన్‌ని 1990లో పెట్టింది గిటారిస్టు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే అశీమ్ చక్రవర్తి. అశీమ్ 2009లో పోయారు. సుస్మిత్ 2013లో తప్పుకున్నారు. పెట్టినవాళ్లిద్దరూ లేరు, అయినా రాహుల్ రామ్, అమిత్ కిలమ్ ఆ పేరుని నిలబెట్టారు. ఎవరికి ఏం నష్టం జరిగింది?

కృష్ణలంక లీడ్ (విజయవాడ)

తాళం గారూ, ఇండియన్ ఓషన్ పాటలు నలుగురూ గదిలో కూర్చుని కలిసి కట్టినవి. అందుకే మిగిలినవాళ్లకి అవి సొంతం. డైర్ స్ట్రెయిట్స్ పాటలు అలా పుట్టలేదు.

ఇంకోటి. డ్రమ్మర్ మారాడు, రిథమ్ గిటార్ వాయించేవాళ్లు ముగ్గురు నలుగురు మారారు, కీబోర్డులు తర్వాత చేరాయి. అన్నేళ్లూ మారనిది మార్క్, ఇల్స్‌లీ మాత్రమే. ధ్వని అందరిదీ అయితే విథర్స్ వెళ్లిన రోజే పేరు మార్చాల్సింది కదా?

తాళం (తెనాలి)

మార్చాల్సిందని నేను అనను. కానీ ఇల్స్‌లీ మిగిలాడని మీరే అంటున్నారు. మరి ఇద్దరిలో ఒకడి మాటే ఎందుకు చెల్లాలి? బేస్ వాయించేవాడి మాట ఎప్పుడూ ఇంతే. స్టేజీ మీద వెనక నిలబెడతారు, నిర్ణయాల్లోనూ వెనకే.

అరండల్‌పేట (గుంటూరు)

న్యాయం సంగతి పక్కన పెట్టి ఆచరణ గురించి మాట్లాడతాను, ఎందుకంటే మొదట అడిగినవారికి కావలసింది అది.

పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ నుంచి వెళ్లిపోయిన రోజర్ వాటర్స్ 1986లో ఆ పేరు ఎవరూ వాడకూడదని లండన్ కోర్టుకెక్కాడు. మరుసటి ఏడాది రాజీ కుదిరి, పేరు మిగిలిన సభ్యులు గిల్మర్, మేసన్‌ల దగ్గరే ఉండిపోయింది. అమెరికాలో జాన్ ఫోగర్టీది ఇంకా ఘోరం. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బ్యాండ్‌కి పాట, గాత్రం, గిటార్ అతనివే. హక్కులు పాత కంపెనీ చేతిలో ఉండిపోయాయి. అతను తర్వాత చేసిన సొంత పాట తన పాత పాటలాగే ఉందని ఆ కంపెనీ అతని మీదే కేసు వేసింది! గిటార్ తీసుకుని కోర్టులో వాయించి చూపించి మరీ గెలిచాడు. ఆ పాటల ప్రచురణ హక్కుల్లో పెద్ద వాటా చేతికి వచ్చేసరికి 2023 అయింది.

నాఫ్లర్, ఇల్స్‌లీ ఎన్నడూ కోర్టు మెట్లెక్కలేదు. అభిప్రాయం వేరైనా స్నేహం నిలిచింది. 2002లో సేవా కార్యక్రమాల కోసం కలిసి వాయించారు కూడా, ఆ పేరు వాడకుండా.

ఇప్పుడు మీ సంగతి. కాగితం మీద ఏదైనా ఉందా? మన చట్టంలో బ్యాండ్ పేరుని ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకోవచ్చు. వినోద సేవలు 41వ తరగతి కిందికి వస్తాయి. ఎవరి పేరు మీద దరఖాస్తు వేస్తారన్నదే కీలకం. అది లేకపోతే ముందు ఇవి చూడండి: యూట్యూబ్ ఛానల్, ఇన్‌స్టా పేజీ ఎవరి ఫోన్ నంబరు మీద ఉన్నాయి? అడ్వాన్సులు ఎవరి ఖాతాలో పడుతున్నాయి? ఇప్పటికే ఒప్పుకున్న ప్రోగ్రాములు ఎన్ని? అడ్వాన్స్ ఇచ్చిన పార్టీ ఆ గాయకుడిని చూసి ఇచ్చిందా, బ్యాండ్‌ని చూసి ఇచ్చిందా? అతను రావడం లేదని చెప్పకుండా స్టేజీ ఎక్కితే మీకే చెడ్డపేరు.

ఆరో తీగ (విజయవాడ)

కాగితం ఏమీ లేదండీ. ఛానల్ డ్రమ్మర్ నంబరు మీద ఉంది, అడ్వాన్సులు నా ఖాతాలోకి వస్తాయి. పేరు పెట్టింది మాత్రం నలుగురం కలిసి, బందరు కాలవ గట్టు మీద టీ తాగుతూ. వాడొక్కడు పెట్టింది కాదు. అందుకే నాకు మండుతోంది.

కృష్ణలంక గారు అడిగిన దానికి జవాబు: నాఫ్లర్ లేని డైర్ స్ట్రెయిట్స్‌కి నేను టికెట్ కొనేవాణ్ని కాదేమో. కానీ కొనాలో వద్దో తేల్చుకోవలసింది వినేవాళ్లు. ఆ అవకాశమే ఇవ్వకపోవడాన్ని ప్రశ్నిస్తున్నాను.

రాత్రి డెస్కు (విజయవాడ)

ఆ అవకాశం పూర్తిగా లేకుండా పోలేదు. అలన్ క్లార్క్, ఫిల్ పామర్ లాంటి పాత సభ్యులు కొందరు 'డైర్ స్ట్రెయిట్స్ లెగసీ' అని చివర ఒక మాట చేర్చుకుని దేశదేశాలు తిరిగి ఆ పాటలు వాయించారు. జనం వచ్చారు. నాఫ్లర్ తన పాటికి తను లండన్ పడమర తన బ్రిటిష్ గ్రోవ్ స్టూడియోలో పని చేసుకుంటున్నాడు. రెండూ ఒకే కాలంలో నడిచాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ మనిషి ఆపేసింది బ్యాండ్ ఒక్కటే కాదు. 2003లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలర్ బోన్, పక్కటెముకలు విరిగి నెలల తరబడి గిటార్ పట్టుకోలేకపోయినా తిరిగొచ్చి 2019 దాకా ప్రపంచమంతా తిరిగాడు. ఆ తర్వాత యాత్రలూ ఆపేశాడు. 2024 జనవరిలో 120కి పైగా గిటార్లు, సామగ్రి వేలానికి పెట్టాడు. 'మనీ ఫర్ నథింగ్' వాయించిన లెస్ పాల్ గిటార్ కూడా అందులో పోయింది. మొత్తం 88 లక్షల పౌండ్లు దాటింది, నాలుగో వంతు సేవా సంస్థలకు ఇచ్చాడు. పాటలు రాయడం మాత్రం ఆపలేదు. దేన్ని ఉంచుకోవాలో, దేన్ని వదలాలో తెలిసినవాడు. పేరు విషయంలో అతనికి అహంకారం అంటగట్టడానికి నాకు మనసొప్పదు.

బీసెంట్ రోడ్ (విజయవాడ)

గిటార్లు అతని సొంతం, అమ్ముకోవచ్చు. పేరులో తమ్ముడి వాటా కూడా ఉంది.

పాత క్యాసెట్లు (గుంటూరు)

ఆరో తీగ బాబూ, ఒక్కటి అడుగుతాను. మీ గాయకుడు వెళ్లాక అదే పేరుతో కొనసాగితే, ప్రతి ప్రోగ్రాములోనూ ఎవరో ఒకరు లేచి "ఆ అబ్బాయి ఏడీ?" అంటారు. కొత్తగా వచ్చి పాడే కుర్రాడు ఆ మాట ఎన్నాళ్లు వినాలి? నాకు ఇల్స్‌లీ కంటే ఆ కుర్రాడి మీద జాలి ఎక్కువ. అలాగని పేరు మీ స్నేహితుడి జేబులో పెట్టడమూ సరికాదు. నలుగురు పెట్టిన పేరు నలుగురూ కలిసినప్పుడే వాడండి.

ఆరో తీగ (విజయవాడ)

నిన్న నలుగురం కూర్చున్నాం. ఈ చర్చ అంతా వాడికి చదివి వినిపించాను. తాళం గారి మాటల దగ్గర వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా బేస్ వాయించేవాడు మాత్రం తెనాలి వచ్చి మిమ్మల్ని కలుస్తానన్నాడు.

దసరాకి ఒప్పుకున్న ప్రోగ్రాములన్నీ పాత పేరుతోనే చేస్తాం, వాడే పాడతాడు. ఆ తర్వాత మేం ముగ్గురం కొత్త పేరు పెట్టుకుని, కొత్త గొంతు వెతుక్కుంటాం. వాడు రాసిన పాటలు మేం వాయించాలంటే వాడిని అడుగుతాం. వాయించిన చోటల్లా వాడి పేరు చెప్తాం. పాత పేరు వాడిదీ కాదు, మా ముగ్గురిదీ కాదు. నలుగురూ ఒకే స్టేజీ మీద ఉంటేనే వాడాలి. అరండల్‌పేట గారు చెప్పినట్టు ఇదంతా కాగితం మీద పెట్టి సంతకాలు చేస్తున్నాం. ఛానల్‌లో పాత వీడియోలు అలాగే ఉంటాయి.

నాఫ్లర్ విషయంలో మాత్రం నా మాట మారదు. యాత్రలు మానేయడం అతని ఇష్టం, పది ఆల్బమ్‌లూ అతని కష్టం. 2018లో క్లీవ్‌లాండ్‌కి ఒక్క రాత్రి వచ్చి ఇల్స్‌లీ పక్కన నిలబడి ఉండాల్సింది.